ఆఖరి వారపు బేరం

"పెళ్లన్నాక ఆమాత్రం హడావుడి ఉండదా?"

వినడానికి ప్రశ్నలా ఉంటుంది గానీ, జవాబు కోసం ఈ మాట ఎవరూ అడగరు. పెళ్లి నాలుగు రోజుల్లో ఉందనగా, కళ్లకింద నలుపుతో, చేతిలో చల్లారిన టీతో కూర్చున్న పెళ్లికూతురు "నాకింక ఓపిక లేదు పిన్నీ" అంటే పిన్ని ఈ మాట అంటుంది. సెలవు పెట్టినా వదలని ఆఫీసు ఫోను ఒక చెవిన, భోజనాల కాంట్రాక్టరు ఫోను ఇంకో చెవిన పెట్టుకుని మేడ మీద తిరుగుతున్న పెళ్లికొడుకుతో మేనమామ ఇదే అంటాడు. బీపీ మాత్ర వేసుకోవడం మరిచి కుర్చీలో కూలబడ్డ తండ్రితోనూ అంతే. పక్కన సాక్ష్యానికి "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" ఎలాగూ ఉంది. సామెత వచ్చాక ఇంక వాదన ఉండదు. అందరూ నవ్వేసి మళ్లీ పనుల్లో పడతారు.

నాకు ఆ నవ్వుతోనే పేచీ. హడావుడి తప్పదంటారు, అది ఆప్యాయతకు గుర్తంటారు, అది లేకపోతే పెళ్లికి కళ రాదంటారు. మూడూ అబద్ధాలే. పెళ్లికి ముందు ఆఖరి వారం అలా ఊపిరాడకుండా అవడానికి కారణం సంప్రదాయం కాదు, చుట్టాల ప్రేమా కాదు. పెళ్లి చేసుకునే ఇద్దరినీ నెలల తరబడి ఏమీ అడగకుండా పక్కన కూర్చోబెట్టి, వాళ్లు ఇక కాదనలేని రోజులొచ్చాక అన్నీ ఒక్కసారి మీద పడెయ్యడమే కారణం. ఆ హడావుడి చాటున చాలా బేరాలు జరుగుతాయి. అందుకే అది తగ్గాలని గట్టిగా కోరుకునేవాళ్లు పెళ్లింట్లో తక్కువ.

ముందు "తప్పదు" అన్న సంగతి చూద్దాం. ముహూర్తం ఎప్పుడు పెట్టారు? హాలు దొరికితేనే ముహూర్తం ఖాయం చేసే కాలం ఇది. నెలల ముందే తేదీ తెలుసు, లగ్నం తెలుసు, ఊరు తెలుసు. ఇక ఆఖరి వారంలో నెత్తిన పడే పనులు ఒక్కొక్కటీ తీసి చూడండి. మగ్గం వర్కు జాకెట్టు టైలరమ్మ దగ్గర్నుంచి రాలేదు. పంతులుగారి పట్టీలో సగం సామాను తేవాలి. మగపెళ్లివారి విడిది గదులు తేలలేదు. భోజనాలు ఎంతమందికో తేలలేదు. బస్సు ఒకటా రెండా తేలలేదు. ఊళ్లో పెద్దనాన్నగారింటికి స్వయంగా వెళ్లి శుభలేఖ ఇవ్వలేదు కనుక ఆయన అలిగారు. ఇందులో ఆకాశం నుంచి ఊడిపడ్డది ఒక్కటైనా ఉందా? పంతులుగారి పట్టీ అయితే మా అమ్మ పెళ్లినాటికీ నా పెళ్లినాటికీ దాదాపు మారలేదు. పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, కొబ్బరిబోండాలు, జీలకర్ర, బెల్లం, బాసికాలు, మధుపర్కాలు, అడ్డుతెర. కిరాణా కొట్టులో "పెళ్లి సామాను" అంటే చాలు, అతనే మూట కట్టి ఇస్తాడు. అయినా పెళ్లి ముందురోజు రాత్రి ఎవరో ఒక తమ్ముడు బాసికాల కోసం బండేసుకుని ఊరంతా తిరుగుతూనే ఉంటాడు.

ఎందుకంటే పని ఆలస్యం కాలేదు, నిర్ణయం ఆలస్యమైంది. జాకెట్టు సంగతే తీసుకోండి. అందరూ టైలరమ్మను తిడతారు. గుడ్డ ఆవిడ చేతికి ఎప్పుడు వెళ్లిందో అడగరు. గుడ్డ వెళ్లాలంటే చీర కొనాలి. చీర కొనాలంటే అటువైపు వాళ్లు పెట్టే చీర ఏ రంగో తెలియాలి. అటువైపు వాళ్ల మేనత్త భీమవరం నుంచి వస్తే గానీ వాళ్లు షాపుకి కదలరు. ఆవిడ మనవరాలి పరీక్షలయ్యేదాకా రాదు. కంచిపట్టు కట్టాలా, ధర్మవరమా, గద్వాలా అని రెండు ఇళ్లలో పదిమంది చర్చిస్తారు. కట్టుకోబోయే మనిషిని ఆఖర్న పిలిచి "ఇది నీకు బావుంటుంది" అని భుజం మీద వేస్తారు. అన్ని పనుల వెనకా ఇదే కథ. వరుసగా ఒకరి కోసం ఒకరు ఆగుతారు. అడిగితే "పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు" అంటారు. నెలలు గడిచినా వాళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆఖరి వారంలో మాత్రం అందరికీ హఠాత్తుగా ప్రజాస్వామ్యం గుర్తొస్తుంది. "నీ పెళ్లి కదా, నువ్వే చెప్పు" అంటూ స్వీటు పేరు దగ్గర్నుంచి స్టేజీ పూల రంగు దాకా ఆ పిల్లనే అడుగుతారు.

ముహూర్తాల రద్దీ వల్ల అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా మిగిలిన నెలల్లో మౌఢ్యమి కూడా పోతే చేతికొచ్చే రోజులు కొన్నే. 2024లో గురు, శుక్ర మౌఢ్యాలు రెండూ వచ్చి మే, జూన్ నెలల పెళ్లిళ్లన్నీ అటూ ఇటూ జరిగాయి. శ్రావణం వచ్చేసరికి హాళ్లు, పురోహితులు, వంటవాళ్లు, మేళగాళ్లు ఎవరూ దొరకలేదు. కానీ పంచాంగం ఉగాదికే అచ్చై వస్తుంది. ఏ నెలలో మౌఢ్యమో ఏ రోజున ముహూర్తమో ఏడాది మొదట్లోనే ఇంటి గోడకు వేలాడుతుంది. తుపాను వచ్చి మీద పడ్డట్టు మాట్లాడితే ఎలా?

ఇంతకంటే బరువైన వాదన సంప్రదాయం పేరుతో వస్తుంది. మన తంతు పెద్దది, చేయాల్సినవి చాలా ఉంటాయి, అందుకే ఉరుకులు పరుగులు అంటారు. ఈ మాట క్రతువుకే అన్యాయం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరిగితే చాలు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. 2024 ఏప్రిల్‌లో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక కేసులో తంతు జరగనిదే ఒట్టి రిజిస్ట్రేషన్ కాగితంతో హిందూ వివాహం చెల్లదని తేల్చింది. క్రతువును అంత గట్టిగా పట్టుకున్న ఆ తీర్పే ఇంకో మాట కూడా చెప్పింది. పెళ్లంటే ఆటపాటలకు, విందులకు, కట్నకానుకలు గుంజడానికి పెట్టుకున్న వేడుక కాదని యువతకు హితవు పలికింది. మనం దీన్ని తలకిందులు చేశాం. విందుకు నెలలు ఖర్చుపెట్టి, తంతు దగ్గరికొచ్చేసరికి "పంతులుగారూ, కొంచెం త్వరగా కానివ్వండి, జనం భోజనాలకు లేస్తున్నారు" అంటాం.

2020 మే నెలలో లాక్‌డౌన్ నిబంధనల ప్రకారం పెళ్లికి యాభై మందికి మించకూడదన్నారు. పెళ్లిళ్లు ఆగాయా? అవే మంత్రాలు, అదే జీలకర్ర బెల్లం, అవే తలంబ్రాలు. అప్పుడు పెళ్లి చేసుకున్నవాళ్ల దాంపత్యంలో ఏ లోటూ నాకు కనిపించలేదు. అన్నవరం కొండ మీద మంచి ముహూర్తం రోజున రాత్రంతా పెళ్లిళ్లే. ఒక జంట లేస్తే ఇంకో జంట పీటల మీద కూర్చుంటుంది. తిరుమలలో పాపవినాశనం దారిలో ఉన్న కల్యాణవేదికలో పురోహితుణ్నీ మంగళవాద్యాన్నీ టీటీడీయే ఉచితంగా ఇస్తుంది. అదంతా లేనివాళ్ల పెళ్లి అని మూతి విరిచేవాళ్లకు చెప్పేదేమీ లేదు. వాళ్ల బాధ సంప్రదాయం గురించి కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఇక త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్లి తంతును పెళ్లివారికి అర్థమయ్యే తెలుగులో "వివాహ విధి"గా రాసిపెట్టి దాదాపు వందేళ్లు కావస్తోంది. ఆ పద్ధతిలో, దండల పద్ధతిలో పెళ్లాడిన తాతలూ అమ్మమ్మలూ కృష్ణా, గుంటూరు ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్లకు పిల్లలు పుట్టలేదా, ఇళ్లు నిలబడలేదా?

పాతకాలంలో అంతా ప్రశాంతంగా ఉండేదనే భ్రమ కూడా నాకు లేదు. ఐదు రోజుల పెళ్లి అని మురిసిపోయే తాతగారు ఆ ఐదు రోజులూ అరుగు మీద కూర్చున్నారు. వంటింట్లో పొగలో ఉన్నది ఆడవాళ్లు. నీళ్లు మోసింది, బట్టలుతికింది, కుండలు చేసి తెచ్చింది, మేళం వాయించింది చేతివృత్తుల కులాలవాళ్లు. వాళ్లకు దక్కింది చాలాచోట్ల పాతబట్ట, గింజలు, ఆఖరి పంక్తి. ఆ కాలాన్ని తిరిగి తెమ్మనడం లేదు. అప్పుడు కూడా హడావుడి ఒకరిది, హాయి ఇంకొకరిది అనే అంటున్నాను.

ఇప్పుడూ అంతే. "అందరూ ప్రేమతో చేస్తారు" అనే మాటకు సరైన జవాబు పెళ్లింటి వంటగదిలో దొరుకుతుంది. మా గోదావరి వైపు సారెలోకి అరిసెలు, సున్నుండలు, చలివిడి చేయాలి. మా అత్తగారి ఓరుగల్లు వైపు సకినాలు, గరిజెలు చేయాలి, ఒడిబియ్యం కలపాలి. చేసేది పెళ్లికూతురి తల్లి, ఆవిడ అక్కచెల్లెళ్లు. మగవాళ్లు లెక్కలు చూస్తారు. లెక్క చూడటం కూడా పనే, కాదనను, కానీ అది కూర్చుని చేసే పని. ఆ తల్లి పెళ్లినాటికి నడుం పట్టేసి, కన్యాదానం పీటల మీద సగం నిద్రలో ఉంటుంది. ఫొటోల్లో ఆవిడ కళ్లు ఎర్రగా ఉంటే కూతురు వెళ్లిపోతోందని ఏడ్చిందనుకుంటాం. పసుపు దంచే రోజున పాటలు పాడుతూ, పరాచికాలాడుతూ, రాత్రికి పిల్లలంతా హాల్లో చాపల మీద వరుసగా పడుకునే సంబరాన్ని నేనేమీ అనడం లేదు. అది ఎన్ని రోజులుంటే అంత మంచిది. గమనించండి, ఆ సమయంలో ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు.

ఇక ఎవరూ పైకి అనని సంగతి. ముహూర్తానికి నెలసరి అడ్డం వస్తుందేమోనని మన పెళ్లికూతుళ్లలో చాలామంది ఆఖరి వారంలో మాత్రలు మింగుతారు. నోరెథిస్టెరాన్ అనే మందు అది. నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడుసార్లు వేసుకుంటారు. కడుపు ఉబ్బరం, తలనొప్పి, వికారం, కారణం లేని చిరాకు కొందరికి తప్పవు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు వేసుకోనే కూడదు. డాక్టరు రాసిస్తే వాడాల్సిన ఈ మందును తల్లో అక్కో మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చి చేతిలో పెడతారు. పంతులుగారు ముహూర్తం చూసేటప్పుడు పెళ్లికొడుకు నక్షత్రం, పెళ్లికూతురి నక్షత్రం, ఆడపడుచు కానుపు, హాలు ఖాళీ, అమెరికాలో ఉన్న బావగారి సెలవు అన్నీ లెక్కలోకొస్తాయి. అమ్మాయి ఒంటి లెక్క మాత్రం, అడిగితే గుమ్మం చాటున ఆమె తల్లిని గుసగుసగా అడుగుతారు. అడగని ఇళ్లూ ఉన్నాయి. ఆ తర్వాత ఆ పిల్ల చిరచిరలాడితే "పెళ్లి టెన్షన్" అని పేరు పెట్టి నవ్వుతారు. ఈ కళ ఎవరి ఒంటి మీంచి తీసిన కళ?

అసలు సంగతికొస్తాను. ఆఖరి వారంలో కొత్త కోరికలు పుట్టుకొస్తాయి. పెళ్లి చేసిన ఆడపిల్ల తండ్రి ఎవర్నడిగినా చెబుతాడు. అవి నేరుగా రావు. మధ్యవర్తి ద్వారా వస్తాయి, లేదా పెళ్లికొడుకు పెద్దమ్మ చెల్లెలి ఫోను ద్వారా వస్తాయి. "మేమేం అడగట్లేదండీ. మీ అమ్మాయికి మీరు పెట్టుకుంటారు, మీ ఇష్టం. కాకపోతే పెద్దబ్బాయికి వాళ్ల మామగారు బండి పెట్టారు, రేపు నలుగురిలో తేడా కనబడుతుందేమోనని..." అంటారు. ఎదుర్కోలులో వెండి బిందె అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటారు. ఆడపడుచు లాంఛనం ఒకటే అన్నారు, ఇప్పుడు పెదనాన్న కూతుళ్లూ ఆడపడుచులే అవుతారు. ఒక బస్సు రెండవుతుంది. రెండొందల మంది అనుకున్నది మూడొందలవుతుంది. వాళ్లకు ఏసీ గదులు కావాలి.

ఇవన్నీ నిశ్చితార్థం నాడు ఎందుకు అడగరు? అప్పుడు అడిగితే "మీకో నమస్కారం" అని లేచిపోవచ్చు కనుక. ఆఖరి వారానికి శుభలేఖలు పంచడం అయిపోయింది. హాలు అడ్వాన్సు తిరిగి రాదు. దూరపు చుట్టాలు రైలెక్కేశారు. ముహూర్తం దగ్గరపడే కొద్దీ కాదనడానికి అయ్యే ఖర్చు పెరుగుతూ పోతుంది. అదంతా ఒకవైపే పడుతుంది. పెళ్లి ఆగితే అబ్బాయికి ఇంకో సంబంధం వస్తుందట, అమ్మాయికి మచ్చ పడుతుందట. ఈ లెక్క అడిగేవాడికీ తెలుసు, ఇచ్చేవాడికీ తెలుసు. అప్పుడు ఇంట్లో ఉన్న గోల, పరుగులు, షామియానా సుత్తి దెబ్బలు ఎంత పనికొస్తాయో చూడండి. అంత సందట్లో కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? "ఈ టైములో గొడవెందుకు, ఇచ్చేసి పారేద్దాం" అనే మాట తండ్రి నోటినుంచే వస్తుంది. ఆ ఫోన్లు వచ్చే వేళకు పెళ్లికూతురు రెండు చేతులకూ మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకుని పక్క గదిలో ఉంటుంది. నేనూ ఉన్నాను. ఆ చేతులతో ఫోనూ ఎత్తలేం, తలుపూ తీయలేం.

కాళ్లకూరి నారాయణరావు "వరవిక్రయం"లో కాళింది పెళ్లికి ముందే నూతిలో పడి చనిపోతుంది. తన కోసం తండ్రి పొలం అమ్మడం చూడలేక. వందేళ్ల నాటి ఆ నాటకాన్ని ఊరూరా ఆడాం, చప్పట్లు కొట్టాం, సినిమా తీశాం. బేరం మాత్రం ఆ ఆఖరి రోజుల్లోంచి కదల్లేదు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అడగడమే నేరమంది. తర్వాతి సవరణతో, ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ల జైలంది. ఆ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల సంగతి పెళ్లి చేసినవాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకలకు ఒక జాబితా, వరుడికి వచ్చిన కానుకలకు ఒక జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఇచ్చిందెవరు, చుట్టరికమేమిటి అన్నీ అందులో ఉండాలి. వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి. ఈవెంటువాళ్లకు రాసిచ్చే పట్టీలు, ఫొటోగ్రాఫరుకు రాసిచ్చే పట్టీలు, హారతి ఎవరు ఏ వరసలో ఇవ్వాలో రాసుకునే పట్టీలు ఇన్ని తయారు చేసే ఇళ్లలో చట్టం అడిగిన ఈ ఒక్క పట్టీ నేనింతవరకూ ఏ పెళ్లిలోనూ చూడలేదు. తీరిక లేక అనుకోవాలా?

ఇక్కడ పెళ్లికొడుకులు ఒక సమాధానం సిద్ధంగా పెట్టుకుంటారు. "నాకేం తెలీదు, అంతా అమ్మానాన్నలే చూసుకున్నారు." ఆఖరి వారం హడావుడి అతనికి చేసే గొప్ప ఉపకారం ఇదే. ఆఫీసులో కోట్ల ప్రాజెక్టు నడిపే మనిషికి తన పెళ్లిలో ఎవరు ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నారో తెలియదట. అబ్బాయిల కష్టం నాకు తెలియనిది కాదు. స్వయంగా అప్పు చేసి పెళ్లి చేసుకుని హనీమూన్ నుంచి వచ్చిన నెలలోనే ఇఎంఐ కట్టడం మొదలుపెట్టేవాళ్లను ఎంతమందినో చూశాను. కానీ తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా సుఖంగా ఉండటం వేరు.

"ఇన్ని తలనొప్పులెందుకు, ఈవెంటువాళ్లకు అప్పగిస్తే పోలా" అనేవాళ్లు కొత్తగా తయారయ్యారు. డబ్బున్న ఇళ్లలో ఇదే ఇప్పుడు వేదవాక్కు. అప్పగించినవాళ్ల పెళ్లిళ్లూ చూశాను. పనులు తగ్గలేదు, పెరిగాయి. మన ఇళ్లలో ఎప్పుడూ లేని సంగీత్, దానికో డ్యాన్సు మాస్టారు, హల్దీకి పసుపు రంగు డ్రెస్ కోడ్, పెళ్లికి ముందు బీచిలోనో కోటలోనో వీడియో. వీటన్నిటి రిహార్సళ్లూ ఆ ఆఖరి వారంలోనే. నలుగు పెట్టడానికి పెద్దముత్తయిదువ నూనె గిన్నె పట్టుకుని వస్తే, వెలుతురు బాగాలేదని కెమెరా అబ్బాయి ఆవిణ్ని ఆపేస్తాడు. పైగా ఆ హడావుడి ఎక్కడికీ పోదు, మన కంటికి కనపడని చోటికి మారుతుంది. ముహూర్తం రాత్రి ఒక హాల్లో పూలు దించి తెల్లారేలోగా ఇంకో హాల్లో కట్టే కుర్రాళ్లు, వరస పెళ్లిళ్లకు వండుతూ స్టీలు బల్లల కింద కునుకు తీసే వంటవాళ్లు దాన్ని మోస్తారు.

"జీవితంలో ఒక్కసారే కదా!" ఆఖరి వారంలో ప్రతి ఖర్చునూ గెలిపించే మాట ఇది. చావూ ఒక్కసారే వస్తుంది, దానికెవరూ డ్రోన్ కెమెరా పెట్టరు. ఒక్కసారే జరిగేది కనుక ఇష్టపడి, నిదానంగా, గుర్తుండేలా జరగాలి. ఏం జరిగిందో గుర్తులేక తర్వాత వీడియో వేసుకుని చూస్తే అది పెళ్లికూతురి జ్ఞాపకం కాదు, కెమెరావాడి జ్ఞాపకం.

హడావుడి తప్పనిసరైన పెళ్లి ఒకటి మన చరిత్రలో ఉంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు బాలవితంతువు గౌరమ్మ. ఊళ్లో పెద్దలు వెలి వేస్తామన్నారు. పోలీసుల కాపలాలో పెళ్లి జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. కందుకూరి రాజ్యలక్ష్మమ్మ భర్త వెంట నిలబడి ఇంటి భారమంతా మోశారు. ఆ ముందురోజుల్లో ఆ ఇంట్లో కంటి మీద కునుకు ఉండి ఉండదు. ఒక పిల్లకు బతుకు ఇవ్వడానికి ఊరినెదిరించి పడిన తొందర అది. మనం స్టేజీ వెనక తెర లేత గులాబీనా, దంతపు రంగా అని తేల్చుకోలేక పడే తొందరకు కూడా అదే పేరు, అదే గౌరవం ఇవ్వమంటే నేనివ్వను.

ఈ గోలలో పూర్తిగా మాయమయ్యేది పెళ్లి చేసుకునే ఇద్దరి మాటలు. ఆఖరి వారంలో వాళ్లు ఫోనులో మాట్లాడుకునేదంతా కారు ఎన్నింటికి వస్తుంది, షేర్వాణీ సరిపోయిందా అనే. పెళ్లయ్యాక ఎవరి ఊళ్లో ఉంటారు? ఆమె జీతం ఎవరి ఖాతాలో పడుతుంది? అతని తల్లి మందుల ఖర్చు, ఆమె తమ్ముడి చదువు ఖర్చు ఎవరు చూస్తారు? ఇద్దరి పేరునా ఎంతెంత అప్పుంది? పిల్లలు ఎప్పుడు, అసలు కావాలా? ఇవి అడిగితే అశుభం అంటారు. ఆరు నెలల తర్వాత ఇవే ప్రశ్నలు అరుపులుగా బయటికొస్తే "ఈ కాలం పిల్లలకు సర్దుకుపోవడం రాదు" అంటారు.

ఈ ఏడాది ముహూర్తం పెట్టుకున్నవాళ్లకు నా మనవి. తేదీ చూసేటప్పుడు అమ్మాయిని పక్క గదిలో కాదు, పంచాంగం ఎదుట కూర్చోబెట్టండి, ఆమెకు కుదరని రోజును కొట్టేయండి. శుభలేఖ అచ్చుకెళ్లాక అటువైపు నుంచి వచ్చే ప్రతి కొత్త కోరికకూ "కుదరదు" అని చెప్పే పని పెళ్లికొడుకుదే కావాలి, కాబోయే మామగారి చేత చెప్పించకూడదు. పెళ్లికి ముందు కనీసం రెండు రోజులు వాళ్లిద్దరికీ ఏ పనీ పెట్టకండి, ఏ కెమెరా ముందూ నిలబెట్టకండి. పీటల మీంచి లేచాక, అప్పగింతలకు ముందే, ఆ కానుకల జాబితాలు రెండూ రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించండి. 1985 నుంచి చట్టం అడుగుతున్నది అదొక్కటే, దానికి కావలసింది రెండు కాగితాలు, ఒక పెన్ను.